పై అరలో పెట్టిన సెల్స్

కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. ఆ ల్యాబ్‌లో బ్యాటరీలు పరీక్షించే ఇంజనీరమ్మకు తన సెల్స్ అంతకంటే ముద్దు.

నిదానంగా ఛార్జ్ చేస్తే ఏ సెల్ అయినా బుద్ధిగానే ఉంటుంది. పది నిమిషాల్లో నింపాలంటేనే పేచీ. లోపలికి వెళ్ళే వ్యవధి లేక లిథియం పైపైనే పేరుకుంటుంది. సెల్ ఉబ్బుతుంది, కర్మ కాలితే అంటుకుంటుంది. దీనికి విరుగుడుగా ఆమె మూడేళ్ళు తంటాలు పడి ఒక మందు తయారు చేసింది. అది కలిపిన సెల్స్ ఎనిమిది వందలసార్లు నింపినా చెక్కుచెదరలేదు. కలపనివి మూడొందలకే చతికిలపడ్డాయి. ల్యాబ్ నడిపే పెద్దాయన ఆ సంగతి ఊరంతా చాటేసి, ఆ మందుతో బ్యాటరీలు చెయ్యమని ఫ్యాక్టరీకి పురమాయించాడు. మొదటి బ్యాటరీ వచ్చే నెల ఎక్కబోయేది ఆమె సొంత అక్క నడిపే అంబులెన్సులోకే.

ఒకరోజు పై అర తుడుస్తుంటే గోడ చేతికి వెచ్చగా తగిలింది. అవతల పొడులు ఆరబెట్టే ఓవెన్ ఉంది. తన సెల్స్ కంటికెదురుగా ఉండాలని ముచ్చటపడి ఆమె వాటిని పై అరలో పెట్టుకుంది. మిగతావాటిని కింద, ఏసీ గాలి కొట్టేచోట పడేసింది. వెచ్చదనానికి లిథియం చురుగ్గా కదులుతుందని ఇంకొకరికి చెప్పాలి గాని ఆమెకు చెప్పాలా? ఇన్నాళ్ళూ సెల్స్‌ని కాపాడింది తన మందా, ఈ గోడ వెచ్చదనమా?

ఎవరితోనూ అనకుండా కొత్త సెల్స్ చేసి అరలు మార్చింది. మందువి కింద, మామూలువి పైన. మూడు వారాలకు మామూలువి రాజాల్లా ఉన్నాయి. ఆమె ముద్దుల సెల్స్ దిండ్లలా ఉబ్బాయి. చలికాలం తెల్లవారుజామున ఆరుబయట నిలబడే అక్క బండి కళ్ళముందు మెదిలింది. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి కాసేపు ఏడ్చింది.

ఆమె ఫలితాలు రాసి తెచ్చిన కాగితాలు పెద్దాయన రెండుసార్లు చదివి, లేచి తలుపు దగ్గరకు వేశాడు.

"ఇది ఇంకెవరికైనా తెలుసామ్మా?"

"మా అక్కకి తెలుసు సార్."

"నాకంటే ముందా?"

"మీకంటే ముందే. మీ గదికి మెట్లెక్కుతూ మనసు మార్చుకుంటానేమోనని నామీద నాకే భయమేసింది. కిందే ఫోన్ చేసి చెప్పేశాను."

పెద్దాయనకు కోపం రావలసింది. రాలేదు. "ఏమంది?" అన్నాడు.

"పాత బండే తోలుకుంటానంది సార్. నన్ను మాత్రం ఆగకుండా పైకెళ్ళమంది."

పెద్దాయన ఫోన్ అందుకుని, పని ఆపమని చెప్పడానికి ఫ్యాక్టరీకి కలిపాడు.