కారు కంటికి కాటుక

ఆముదం దీపం మీద బోర్లించిన రాగి పళ్ళెం తీసి, దాని అడుగున పట్టిన మసిని జయలక్ష్మమ్మ వేపపుల్లతో గీకుతూ ఉంది. చింతామణిలో ఉన్న తమ్ముడు ఆంజనప్పకు పెళ్ళయిన పదకొండేళ్ళకు కొడుకు పుట్టాడు. ఆదివారం నామకరణం. బిడ్డకు తొలి కాటుక పెట్టేదీ, చెవిలో మూడుసార్లు పేరు చెప్పేదీ మేనత్తే. ఆ చిన్న చెవి దగ్గరకు తన నోరు చేరే రోజు కోసం ఆమె నెలంతా ఎదురుచూసింది.

ఆమె భర్త వెంకటరాయప్ప తొంగి చూశాడు.

"మసి ఇంతేనా? ఇంకా నాలుగు దీపాలు పెట్టు."

"ఒక బిడ్డ కండ్లకు ఎంత కావాల?"

"బిడ్డకు కాదే, కారుకు!"

వెంకటరాయప్ప బాగేపల్లిలో చెనక్కాయల వ్యాపారి. ఆ ఏడే ఒక పాత ఆస్టిన్ కారు కొన్నాడు. బెంగుళూరులో ఎవరో పెద్దమనిషి కారుకు నల్లటి అద్దాలు చూసి వచ్చాక, తన కారు అద్దాలు చొక్కా లేని ఒంటిలా కనిపించసాగాయి ఆయనకు.

"బస్టాండంతా మా ఇంటి ఆడోళ్ళనే చూస్తాండారు. పెద్దింటి కారు ఇట్లుంటుందా?" అంటూ మసిలో వార్నిషు కలిపి, ముందు అద్దం తప్ప అన్నిటికీ రెండు పూతలు పూయించాడు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య పాత చీరతో తెర కట్టించాడు.

"వెనక వచ్చే బండి నాకు కనపడద్దా స్వామీ?" అన్నాడు డ్రైవరు ముత్యాలప్ప.

"వానికి మనం కనపడతాం గదా, చాలు. నువ్వు ముందుకు చూసి తోలు."

ఆదివారం పొద్దున బయలుదేరారు. వెనక అరటి గెల పక్కన ఒంటరిగా కూర్చున్న జయలక్ష్మమ్మకు పట్టపగలే చీకటి పడింది. ఏ ఊరు దాటారో, ఏ చేను కోతకొచ్చిందో తెలియలేదు. చేలూరులో ఇంజను నీళ్ళడిగింది. మగవాళ్ళిద్దరూ బోనెట్టు ఎత్తి నీళ్ళు పోస్తూ ఉంటే, ఆమె తలుపు ఓరగా వేసి, కనకాంబరాలు కొనడానికి దిగింది.

వెంకటరాయప్ప వచ్చి ఆ తలుపు చూశాడు. "తలుపు వేసేదానికి కూడా రాదు వీళ్ళకు!" అని లోపలికి చూడకుండానే దబ్బున వేసి, ముందు సీట్లో కూర్చున్నాడు. కారు కదిలింది.

జయలక్ష్మమ్మ పూలతో తిరిగి వచ్చేసరికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే నామకరణం గుర్తొచ్చింది. ముహూర్తం పన్నెండింటికి. కాటుక బరిణె కొంగున ముడేసి ఉంది గానీ, బిడ్డ చెవి చింతామణిలో ఉంది. అంతలో చింతామణి బస్సు రావడంతో ఎక్కేసింది. కిటికీ పక్కన చోటు దొరికింది. రాగి చేలు, గుట్టలు, గొర్రెల మంద అన్నీ తనను పలకరించడానికే వచ్చినట్టు అనిపించింది.

చింతామణి ఇంకా రెండు మైళ్ళుందనగా బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా నల్లద్దాల కారు. పక్కనే మోటారు ఇన్‌స్పెక్టరు.

"తలుపు తీయండి. లోపల ఎవరుండారో చూడాల."

"మా ఇంటామె ఉండాది. పరాయి మగోళ్ళకు మొగం చూపించే వాడిక మాకు లేదు."

"సరే, ఒక మాట పలకమనండి."

వెంకటరాయప్ప నల్లద్దం వైపు తిరిగి గదమాయించాడు. "పలకద్దే!"

లోపలి నుంచి చప్పుడు లేదు.

"చూసినారా మర్యాదంటే!" అని ఆయన రొమ్ము విరిచాడు.

"ఇదిగో, నేనీడుండా!" అంది జయలక్ష్మమ్మ బస్సు కిటికీలోంచి. "ముహూర్తం దాటిపోతాది, కారు పక్కకు తీయించండి."

బస్సు బస్సంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు కారు తలుపు తీశాడు. వెనక సీటు మీద అరటి గెల ఒకటి ఎంతో మర్యాదగా కూర్చుని ఉంది.

"అద్దం ఉండేది చూసేదానికి స్వామీ," అన్నాడాయన నవ్వు ఆపుకుంటూ. "దాచుకునేదానికి ఇంట్లో గోడలుండాయి. రోడ్డు మీద గోడను తోలుతామంటే రూలు ఒప్పదు. ఆ మసి పోయేదాకా కారు ఈడే ఉంటాది."

వెంకటరాయప్ప అరటి గెల భుజానికెత్తుకుని బస్సెక్కాడు, వెనకే ముత్యాలప్ప. కూర్చునే చోటు లేదు. చింతామణి దాకా భార్య పక్కనే నిలబడి వచ్చాడు.

ముహూర్తం దాటలేదు. జయలక్ష్మమ్మ ఆ చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. భోజనాలయ్యాక బిడ్డను ఒళ్ళో వేసుకుని కాటుక దిద్దుతూ ఉంటే భర్త గొణిగాడు. "చేలూరులో నిన్నెవరు దిగమన్నారు?"

"ఆ మాట ఉండనీండి. చేలూరు నుంచి పదిహేను మైళ్ళు మీరు నాతో మాట్లాడుతానే వచ్చినారని ముత్యాలప్ప చెప్పినాడు. నేను ఒక్కదానికీ పలకలేదు గదా. మీకు అనుమానమే రాలేదా?"

పదిహేను మైళ్ళే కాదు, పదిహేనేళ్ళ కాపురం వెంకటరాయప్ప కళ్ళ ముందు తిరిగింది.

"చూడండి," అంది ఆమె, బిడ్డ కంటి అంచున వేలు నిలిపి. "కాటుక ఈడ పెడతాం. కంటిపాపకే పూసేస్తే బిడ్డకేమి కనిపిస్తాది? మమ్మల్ని లోకం చూడకూడదని మీరు మసి పూసినారు. లోకానికేమీ నష్టం లేదు. మేము మీకే కనపడకుండా పోయినాం."

పాఠకులారా, చట్టం అడిగింది అద్దం శుభ్రంగా ఉండాలనే. ఆ ఇల్లాలు అడిగింది కూడా అంతకు మించి ఏమీ కాదు.

వెంకటరాయప్ప బిడ్డ కళ్ళ వైపు చూశాడు. తర్వాత లేచి, గూట్లోని కిరసనాయిలు సీసా, ఒక పాతగుడ్డ తీసుకుని, కారున్న రోడ్డు వైపు నడిచాడు.