నాలుగు వేళ్ల వంకర

ఉప్పుగాలి ముందు ముక్కుకు తగులుతుంది. తర్వాత నాలుకకు.
ఆ తర్వాత ఇనుముకు.

మైపాడులో ఇనుము ఎక్కువ కాలం ఇనుముగా ఉండదు. తలుపు గొళ్లెం, బావి గిలక, సైకిలు చువ్వ... అన్నీ బెల్లం రంగుకు తిరుగుతాయి. వేలు పెడితే పొట్టుపొట్టుగా రాలతాయి.

అందుకే ఆ ఊళ్లో వెల్డింగు షాపు పెట్టినవాడు పస్తుండడు.

మౌలా కూడా పస్తుండలేదు. ముప్పై నాలుగేళ్లుగా సముద్రపు గాలి తిన్నదాన్ని అతికిస్తూనే ఉన్నాడు. పడవల కొక్కేలు, మసీదు గేటు, రామాలయం గ్రిల్లు... అన్నీ అతని చేతి పనే. అతని అతుకు గీత గీసినట్టుంటుంది. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలబడాల్సిందే.

ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ అంకాలమ్మ రాజ్‌దూత్ మోటార్ సైకిలు మీద ఉంది.

అసలు ఆ బండి కొన్నది ఆమె భర్త ముత్యాలయ్య. కొన్నాడు గాని నడపలేదు. నడి సముద్రంలో తుఫానుకు బెదరని మనిషి, తారు రోడ్డు చూస్తే ఇప్పటికీ వణుకుతాడు. సముద్రంలో ఎదురొచ్చేవాడు ఉండడు గదా అంటాడు.

కాబట్టి నీళ్లు ఆయనవి. రోడ్డు ఆమెది.

ఆయన చేపలు ఒడ్డుకు తెచ్చేవాడు. ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని, బండెక్కి, ఇందుకూరుపేట మీదుగా నెల్లూరు పోయేది. చెరోపక్కా ఒక గంప. ఆ గంపలు తగిలించడానికి ఇనుప క్యారియర్ కావాలి. ఆ క్యారియర్ చేసింది మౌలా.

అప్పుడతనికి ఇరవై నాలుగేళ్లు. మనుబోలులో పదకొండు నెలలు పని నేర్చుకుని, షాపు తెరిచి రెండు రోజులైంది. మొదటి బేరం. తెల్లవారింది. ఎండ ఎక్కుతోంది. చేపలు కాచుకుని ఉన్నాయి. అంకాలమ్మ పక్కనే నిలబడి తొందరపెడుతోంది.

నిప్పురవ్వలు ఎగిరాయి. ఇనుము చల్లారింది.

ఎడమ పక్క నాలుగు వేళ్లు కిందికి ఉంది.

చెబుదామని నోరు తెరిచాడు. ఆమె అప్పటికే గంపలు తగిలించి వెళ్లిపోయింది.

మర్నాడు తిట్టడానికి వస్తుందని చూశాడు. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బండి ఎడమకు లాగుతుంటే ఆమె సీటు మీద కుడివైపుకు జరిగి కూర్చుంది. అంతే. అలాగే ఇరవై నాలుగేళ్లు తిరిగింది.

రోజూ పొద్దున్నే, మౌలా షాపు ముందు నుంచే.

బండి వచ్చే శబ్దం వినగానే మౌలా వంగి, బల్ల కింద ఏదో వెతుక్కునేవాడు. ఇరవై నాలుగేళ్లలో అతను వెతకని పానా లేదు.

గంప దించినా అంకాలమ్మ నడుములోని వాలు దిగలేదు. నడిచినా కుడికే వాలుతుంది. కూర్చున్నా కుడికే. కొడుకు పెళ్లిలో ఫోటో తీసేవాడు "అమ్మా, నిటారుగా నిలబడండి" అన్నాడట.

"నిలబడే ఉండా గదయ్యా" అన్నదట ఆమె.

ఆ మాట విన్న రోజు మౌలా అన్నం తినలేదు.

తర్వాత చేపలు కొనుక్కుపోయే ఐసు వ్యాన్లు ఒడ్డు దాకా వచ్చాయి. బండి పెరట్లో రేకుల కిందికి చేరింది. పదేళ్లు. సీటులో కోళ్లు గుడ్లు పెట్టాయి. సైలెన్సర్‌లో ఎండ్రకాయ కాపురం పెట్టింది. ఉప్పుగాలి తీరిగ్గా, ఎవరూ అదిలించని మేకలా, బండిని మేసింది.

మౌలా వంగడం మానేశాడు. హాయిగా ఉన్నాడు.

పదేళ్ల హాయి ఒక మంగళవారం ముగిసింది. ఆటోలో పడుకోబెట్టి బండిని షాపు ముందు దించారు. వెనకే అంకాలమ్మ. ఆమె వెనక కొడుకు సుధాకర్. అతనికి నెల్లూరులో చేపల పులుసు హోటలుంది.

"మామా, కంపెనీలో ఎట్టా ఉండిందో అట్టా చెయ్యాల" అన్నాడు సుధాకర్. "నలుపు రంగు. తళతళలాడాల. హోటలు వాకిట్లో నిలబెడతా. ఆ క్యారియర్ పీకేయ్. అది కంపెనీది గాదు."

పీకేయ్.

ఎంత చల్లని మాట. మౌలాకు వేసవిలో తాటిముంజె తిన్నట్టుంది.

"నిలబెట్టేదానికైతే బొమ్మ కొనుక్కో" అంది అంకాలమ్మ. "బండి నడవాల. నేను నెల్లూరు పోవాల."

"యాడికి పోతావమ్మా ఈ వయసులో? కారు పంపిస్తా గదా."

"కారులో పోతే నన్ను ఎవురు చూస్తారు? దోవలో అందరూ బతికుండారో లేదో నాకెట్టా తెలుస్తుంది?"

సుధాకర్ మౌలా వైపు చూశాడు. అంకాలమ్మ మౌలా వైపు చూసింది. ఆటో డ్రైవరు కూడా చూశాడు.

మౌలా క్యారియర్ వైపు చూశాడు.

తుప్పు బండినంతా తిన్నది. మడ్‌గార్డు తిన్నది, చైను కవరు తిన్నది. ఆ క్యారియర్‌ను మాత్రం ముట్టలేదు. గట్టిగా, వంకరగా, నిన్న చేసినట్టుంది.

వారం రోజులు వాదన నడిచింది. కొడుకు ఫోన్లో. తల్లి షాపులో, బల్ల మీద, కుడికి వాలి. చివరికి ఆమె ఒక్క మాట అంది.

"నేను పోయినాక నిలబెట్టుకో. అప్పటి దాకా నేనూ నడస్తా, అదీ నడస్తాది."

ఆ మాట తర్వాత సుధాకర్ ఫోన్ చేయలేదు.

ఇంజను నెల్లూరు పోయి, అరిగిన సిలిండర్‌కు కొత్త బోరు వేయించుకుని తిరిగొచ్చింది. ఎండ్రకాయను మౌలా భార్య నాగూర్‌బీ చీపురుతో సాగనంపింది. మౌలా ట్యాంకుకు అతుకులేశాడు, మడ్‌గార్డులు కొత్తవి వంచాడు, మోటు ఎరుపు రంగు కొట్టాడు. పద్దెనిమిది రోజులు. ఇంత శ్రద్ధగా అతను తన ఇల్లు కూడా కట్టుకోలేదు.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం, అంకాలమ్మ భోజనానికి పోయింది.

మౌలా అటూ ఇటూ చూశాడు. గ్రైండర్ తీశాడు.

క్యారియర్ ఎడమ కాలు కోశాడు. నాలుగు వేళ్లు పైకెత్తాడు. రసమట్టం పెట్టాడు. బుడగ కదిలింది... ఆగింది... నడిమధ్యన నిలబడింది.

అతికించాడు. గాలి ఆడింది గుండెలో.

ఆ సాయంత్రం బండిని ఇసుక దిబ్బ పక్కకు తీసుకెళ్లారు. ముత్యాలయ్య కూడా వచ్చి, రెండు గంపల్లోనూ తడి ఇసుక నింపాడు — చేపల బరువుకు సమంగా. అంకాలమ్మ కుచ్చెళ్లు దోపుకుంది. ఒక కిక్కు. రెండో కిక్కు. మూడో కిక్కుకు బండి దగ్గి, ఉమ్మి, గట్టిగా అరిచింది. సరుగుడు తోపులోంచి కొంగలు లేచాయి.

ఆమె ముఖం... ఇన్నేళ్లూ బల్ల కింద తల పెట్టిన మౌలా ఆ ముఖం ఎప్పుడూ చూడలేదు.

బండి కదిలింది.

పది గజాలు తిన్నగా పోయింది. తర్వాత కుడికి తిరిగింది. ఇంకా కుడికి. ఆమె ఎడమకు లాగింది. బండి వినలేదు — నడుము వినలేదు. బొరియ మరిచిపోయిన ఎండ్రకాయలా ఇసుకలో నిండు సున్నా చుట్టి, ఎండిన వలల కుప్పలోకి మెత్తగా దూరింది.

ఇంజను ఆగింది. అలల చప్పుడు మిగిలింది.

ముత్యాలయ్య వలలు పక్కకు లాగాడు. లోపలినుంచి గొంతు వచ్చింది. కోపంగా లేదు. అదే భయం.

"మౌలా. దీన్ని ఏం చేసినావు?"

"సరి చేసినా అక్కా."

"ఎవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. అతను ఆమె ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు.

"ఆ రోజు తప్పు చేసినా అక్కా. నాలుగు వేళ్లు. అప్పట్నించి నా కంట్లో నలుసు మాదిరి ఉండాది. నీ నడుము చూసినప్పుడల్లా..."

అంకాలమ్మ తలలో చిక్కుకున్న వలపోగు తీసుకుంది.

"వంకరని నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసి అడగలేదా?"

"అడుగుదామనుకున్నా. చేపలు చెడిపోతాయని పోయినా. రెండో రోజుకు అలవాటైపోయినాది."

అంతే.

ముప్పై నాలుగేళ్ల బాధ. ఆమెకు రెండో రోజుకే అలవాటైపోయింది. మౌలాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముత్యాలయ్యకు తెలిసింది. వలల మీద పడి నవ్వాడు.

"ఎట్టుండిందో అట్టా చెయ్" అంది ఆమె, లేస్తూ. "ఎల్లుండి నెల్లూరు పోవాల."

తేలికే గదా అనుకున్నాడు మౌలా. తిన్నగా చేయడం కష్టం గాని వంకరకేముంది?

కోశాడు. దించాడు. అతికించాడు. చూశాడు.

తిన్నగా వచ్చింది.

మళ్లీ కోశాడు. ఈసారి నాలుగు వేళ్లు కొలిచి, గుర్తు పెట్టి, దించాడు. అతికించేటప్పుడు చెయ్యి తనంతట తాను పైకి జరిపింది. ముప్పై నాలుగేళ్లు తిన్నగా అతికించిన చెయ్యి. దానికి వంకర రాదు. మరిచిపోయింది.

మూడోసారి కళ్లు మూసుకుని చేశాడు. రసమట్టంలో బుడగ నడిమధ్యన నిలబడి, అతని వైపు చూసింది.

మౌలా వెల్డింగు ముసుగు తీసి నేలకేసి కొట్టాడు.

నాగూర్‌బీ టీ గ్లాసు పెడుతూ అంది: "మొన్నటి దాకా వంకరని ఏడ్చినావు. ఈరోజు తిన్నగా వచ్చిందని ఏడస్తా ఉండావు. నీకు ఏది కావాలో నీకైనా తెలుసునా?"

టీ చల్లారింది. మౌలా ఆలోచించాడు. ఆ రోజు తను కొలత చూడలేదు. ఆత్రంలో, పక్కన నిలబడ్డ మనిషిని చూస్తూ చేశాడు.

మనిషి కావాలి.

అంకాలమ్మను పిలిపించాడు. క్యారియర్ ఎడమ కాలు మళ్లీ కోసి, స్టాండు తీసేసి, రెండు చక్రాల కిందా ఇటుకలు పెట్టి, ముత్యాలయ్యను హ్యాండిల్ పట్టుకోమన్నాడు. ఆమెను ఎక్కించాడు.

"పొద్దున్నే నెల్లూరు పోతా ఉండావు. అట్టా కూర్చో అక్కా."

ఆమె కూర్చుంది. నడుము దాని దోవన అది వాలింది. మౌలా రసమట్టాన్ని నాగూర్‌బీ చేతికిచ్చేశాడు. ఎడమ గంపను తన చేత్తో పట్టుకుని, ఆమె భుజం వైపు చూస్తూ, కొంచెం కొంచెంగా దించాడు.

"ఇంకా" అంది ఆమె. "ఇంకా. ఇంకొంచెం... ఆఁ. ఇదే."

ఆమెను దించకముందే గుర్తు గీశాడు. కొలవలేదు. కొలిస్తే చెయ్యి దిద్దేస్తుందని భయం.

నిప్పురవ్వలు. పొగ. చల్లారే ఇనుము వాసన.

గురువారం పొద్దున గంపల్లో వంజరం చేపలు, పైన తడిగోనె. వెనక సీటు మీద ముత్యాలయ్య — ఈ వయసులో భార్య ఒంటరిగా పోతుంటే చూడలేక ఎక్కాడు గాని, ఎక్కుతూనే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నువ్వు గూడా కుడికే వాలు" అంది ఆమె.

"ఎంత?"

"కళ్లు తెరిస్తే తెలుస్తాది."

ఆయన తెరవలేదు.

మూడో కిక్కుకు బండి అందుకుంది. షాపు దాటింది. మౌలా వంగలేదు, పానా వెతకలేదు. రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఎర్ర బండి, రెండు గంపలు, వాలిన ఇద్దరు మనుషులు. తిన్నగా పోతోందా? పోతున్నట్టే ఉంది... రోడ్డే కొంచెం వంకరగా ఉంది.

సరుగుడు తోపు అడ్డం వచ్చింది. ఇక శబ్దం ఒక్కటే.

శబ్దం వంతెన ఎక్కింది. వంతెన దిగింది. మలుపు దగ్గర సన్నబడింది...

ఆగింది.

బండే ఆగిందో, గాలి అటు తిరిగిందో.

"వినబడతా ఉండాదా?" అంది నాగూర్‌బీ.

"ఉండు" అన్నాడు మౌలా.

చెవికి చెయ్యి ఆనించి, ఒళ్లంతా కుడివైపుకు వాల్చాడు. ఆమె కూడా వాలింది.

ఇంకొంచెం... ఇంకొంచెం...