కాల్వ గట్టు మీద మూడు రద్దులు

మిర్యాలగూడ బస్టాండు వెనక సందులో ఉన్న సరళ ఫ్యాన్సీ స్టోర్‌కు పొద్దున ఆడవాళ్ళు, సాయంత్రం పిల్లలు వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపితే, సరళ వాళ్ళ వేళ్ళు దగ్గరికి నొక్కి నొప్పి తెలియకుండా గాజులు ఎక్కించేది. వేములపల్లి, నేరేడుచర్ల నుంచి కూడా పెళ్ళివాళ్ళు ఆటోలు మాట్లాడుకుని వచ్చేవాళ్ళు. బడి వదిలాక పిల్లలు కోటయుద్ధం కార్డుల పాకెట్ల కోసం ఎగబడేవాళ్ళు. మూలన అత్త మణెమ్మ ఆకూవక్కా నములుతూ, పాకెట్ల వైపు పోయే చేతులను చూపుతోనే వెనక్కి పంపేది. సరుకు తెచ్చే పని సరళ భర్త వీరేశానిది.

ఆ పాకెట్లలో ఎప్పుడో ఒకసారి రద్దు కార్డు వచ్చేది. ఆటలో ఎదుటివాడి ఎత్తును ఆపే కార్డు అది. ఆట బయట కూడా పనిచేసేది. సారు బెత్తం ఎత్తినప్పుడు ఒక పిల్లవాడు వేశాడు, బెత్తం కిందికి దిగలేదు. కిరాయి పెంచుతానన్న ఇంటాయన ముందు కూరగాయల రంగి వేసింది, ఆయన ఆ మాటే మరిచి మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు. అయితే ఊరికే పనిచేయదు. ఆటలో రద్దు వేసేవాళ్ళు తమ చేతిలోని ఇంకో కార్డు పారేయాలి. బయట వేసేవాళ్ళు తమ లోపల ఉన్నది ఏదో ఒకటి పారేయాలి. ఆ పిల్లవాడికి ఈత పోయింది. రంగికి వాళ్ళమ్మ పాడిన పాటలు పోయాయి. అందుకే జనం రద్దు కార్డును దాచుకునేవాళ్ళే గానీ వాడేవాళ్ళు తక్కువ.

ఆ వానాకాలం వీరేశాన్ని సూర్యాపేట దగ్గర లారీ గుద్దింది. శవం ఇంటికొచ్చినప్పుడు, ఆరో తరగతి చదివే కూతురు ఉమ తను దాచుకున్న రెండు రద్దుల్లో ఒకటి తెచ్చి తండ్రి ఛాతీ మీద పెట్టింది. ఏమీ కాలేదు. మణెమ్మ ఆ కార్డు తీసి మనవరాలి చేతిలో పెట్టి, "అయిపోయినదాని మీద పడది బిడ్డా" అంది.

గడప దాటకూడని రోజులు కనుక తల్లీకూతుళ్ళు వెనకగదిలో కూర్చునేవాళ్ళు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, ఒకరోజు ఉమ కార్డులు పరిచింది.

"సూడమ్మా, నేను రాక్షసిని దించిన. గది నిన్ను కొడ్తది. కానీ ఇంక కొట్టలే. దించుడుకు, కొట్టుడుకు నడుమ జర జాగ ఉంటది. గా జాగల్నే నువ్వు రద్దు వెయ్యాలె."

"కొట్టాక వేస్తే?"

"ఖతం. నాయన మీద ఏసినట్టే." ఉమ తల దించుకుని కార్డులు సర్దింది. "నీ రద్దు మీద నేను ఇంకో రద్దు ఎయ్యొచ్చు. ఆఖరున ఏసింది ముందుగాల పనిచేస్తది. నా రద్దు నీ రద్దును తింటది. నా రాక్షసి మళ్ళ లేస్తది."

"మరి నేను పారేసింది నాకు తిరిగొస్తుందా?"

"రాదు. ఏసినవంటే పోయినట్టే."

ఈ నియమాలు సరళకు కొత్తగా అనిపించలేదు. ఆ ఇంట్లో ఎవరు ముందు మాట్లాడినా ఆఖరున మాట్లాడేది బావ పెద్దయ్యే. పారేసినవేవీ ఆమెకు తిరిగి రాలేదు కూడా.

పెద్దయ్య మణెమ్మ పెద్దకొడుకు, వీరేశానికి అన్న. వేములపల్లిలో ఆయనకు గొర్రెల మంద ఉంది. మందకు దారి చూపే గొంతుతోనే ఇంట్లోవాళ్ళకూ చెబుతాడు.

"పదో దినం కాల్వ కాడ గాజులు తీసినంక షాపు నేను సూస్కుంట. నువ్వు పరేషాన్ గాకు."

"షాపు నేను నడుపుతున్నాను కదా బావా."

"ఇన్నొద్దులు నడిపినవ్. ఇగ నీ సేతుల ఎవరేస్కుంటరు గాజులు? పెండ్లిపిల్లను తోల్కొస్తరా?"

"చెయ్యి అదే కదా."

"సెయ్యి గదే. గాజులు ఉండయి గద. మా పిల్లగాడు శివకుమార్ ఇంటర్ తప్పి ఖాళీగ ఉన్నడు, కూసుంటడు."

"శివకుమార్ ఆడవాళ్ళకు గాజులు తొడుగుతాడా?"

"సెల్లు కవర్లు అమ్ముతడు. నీకేం తక్కువ? మా ఇంట్ల నీకు, పిల్లకు రెండు పూటల బువ్వ ఉంటది."

గొర్రెలకు కూడా ఆ మాత్రం ఉంటుంది. సరళ ఆ మాట పైకి అనలేదు. ఉమను పిలిచి ఒక రద్దు కార్డు అడిగింది.

పదో రోజు పొద్దున అందరూ సాగర్ ఎడమ కాల్వ గట్టుకు చేరారు. పిల్లలను రావద్దన్నారు. బయల్దేరేముందు ఉమ మిగిలిన కార్డును నాయనమ్మ ఆకుల సంచిలో వేసింది. మగవాళ్ళు కొంచెం ఎడంగా నిలబడ్డారు. కోదాడ నుంచి వచ్చిన సరళ అన్న వాళ్ళ మధ్యే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. సరళను గట్టు మీద కూర్చోబెట్టి పసుపు పూసి, పూలు పెట్టి, చేతినిండా గాజులు వేశారు. తీసేయడానికే అంత నిండుగా వేస్తారు. ఆ ఇంటి విధవ గనుక పగలగొట్టే పని మణెమ్మది. ఆమె చేతికి రాయి ఇచ్చారు.

"కానియ్యవ్వా" అన్నాడు పెద్దయ్య.

మాట పడింది. గాజు ఇంకా పగల్లేదు. ఆ జాగాలో సరళ జాకెట్‌లోంచి కార్డు తీసి మోకాలి మీద పెట్టింది. ఏం పారేయాలో వెతుక్కుంటే, గడియారం చూసుకుంటున్న అన్న కనబడ్డాడు. పుట్టింటి దారి పారేసింది. కోదాడలో ఏ సందులోకి తిరగాలో ఆమెకు ఇక తెలియదు. రాయి గాలిలోనే ఆగింది.

పెద్దయ్య ముఖంలో ఆశ్చర్యం లేదు. కొడుకు శివకుమార్ దాచుకున్న రద్దు కార్డును ఆయన అంగీ జేబులో పెట్టుకునే వచ్చాడు. దాన్ని తీసి సరళ కార్డు మీద పెట్టాడు. ఆయన కూడా ఒకటి పారేయాలి గనుక, చిన్నప్పుడు తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకుని గొర్ల వెంట తిరిగిన రోజులు పారేశాడు. ఎక్కువసేపు వెతుక్కోలేదు.

"ఇగ కానియ్యవ్వా. పొద్దెక్కుతుంది."

రాయి మళ్ళీ కదిలింది. మణెమ్మ దాన్ని ఒడిలో పెట్టుకుని తన బోసి మణికట్లను చూసుకుంది.

"నా పదో దినం నాడు వీరేశం నా కడుపుల ఉండె" అంది. "మా అత్త నా రెక్క పట్టుకున్నది. నా గాజులు పలిగినప్పుడు వాడు లోపల తన్నిండు. గప్పుడు గీ కార్డులు లేకుండె."

"అవ్వా, గవన్ని ఇప్పుడెందుకు?"

"ఎప్పుడు జెప్పాల్రా మరి?"

ఆకుల సంచిలోంచి కార్డు తీసింది. పారేయడానికి ఏముందా అని లోపల తడుముకుంది. మొగుడి ముఖం ఎప్పుడో అరిగిపోయింది. పది రోజులుగా ఆమె లోపల ఒక్కడే నిండిపోయి ఉన్నాడు, ఇంక దేనికీ చోటు లేదు. చేతికి వాడే అందాడు. "వీరేశం" అని ఒకసారి పిలిచి, కార్డును పెద్దయ్య కార్డు మీద పెట్టింది.

మూడో రద్దు రెండోదాన్ని తినేసింది. మొదటిది నిలిచింది. పెద్దయ్య దగ్గర ఇంకో కార్డు లేదు. గాజులు సరళ చేతికే ఉన్నాయి.

మణెమ్మ ఒడిలోని రాయిని చూసి పక్కన పెట్టింది. చుట్టూ చూసింది.

"గింతమంది ఏడుస్తున్నరు. ఎవలు సచ్చిండ్రు?"



నెల తర్వాత షాపు తెరిచారు. మొదట రంగి ఒక్కతే వచ్చి చెయ్యి చాపింది. తర్వాత ఇద్దరు ముగ్గురు, దసరా దాటాక పెళ్ళివాళ్ళు కూడా వచ్చారు. పెద్దయ్య తల్లిని తీసుకుపోదామని వస్తే ఆమె కదల్లేదు. ఈ షాపులో తనెందుకు ఉందో ఆమెకు తెలియదు. ఉండడం మాత్రం బాగుంది. సరళ రాత్రిళ్ళు భర్త కోసం ఏడవాలంటే ఇప్పుడు తోడు ఏడ్చే పెద్దదిక్కు లేదు.

ఒక మధ్యాహ్నం సరళ ఎవరికో గాజులు తొడుగుతుంటే మణెమ్మ ఆమె చేతులవైపే చూసింది.

"గింత నిండుగ ఏస్కున్నవ్. నీ పెనిమిటి మంచిగ సూస్తడా పిల్లా?"

"చూస్తాడు."

"తాగుతడా?"

"లేదు."

"కొడ్తడా?"

"ఏనాడూ కొట్టలేదు."

"ఆయినకు తల్లి ఉన్నదా?"

సరళ వేళ్ళ మధ్య గాజు ఒక్క క్షణం ఆగింది.

"ఉంది."

"గసుంటి కొడుకును కన్నది" అంది మణెమ్మ, తమలపాకుకు సున్నం రాస్తూ. "దాని కడుపు సల్లగుండ."