బయటివాళ్ల నోటుబుక్కు

శిష్యులు గురువుకు పంగనామాలు పెట్టడం లోకంలో కొత్తేమీ కాదు. గురువే శిష్యురాలికి పెడితే దాన్ని ఏమనాలో మాత్రం మన పెద్దలు చెప్పిపోలేదు. అందుకే ఆ ఆదివారం అరుణకు తిట్టుకోవడానికి కూడా సరైన మాట దొరకలేదు.

అరుణ శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఇబ్రహీంపట్నంలో తమ భజన మండలికి హార్మోనియం వాయిస్తుంది. పద్నాలుగేళ్ల కింద జగదీశ్వర్ సార్ దగ్గర చేరినప్పుడు ఆమెకు మెట్ల మీద వేళ్లు ఎలా పెట్టాలో కూడా తెలియదు. సార్‌కు అప్పటికే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వాయించి చూపే వీలు లేదు. నోటుబుక్కులో స్వరం చూపించి, నోటితో పాడి, ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేస్తూ నేర్పాడు. అంత కష్టపడి నేర్పిన మనిషి చెప్పిందే ఆమెకు వేదం.

ఏటా తుక్కుగూడలో భజన పోటీలు జరుగుతాయి. ఏటా వీళ్లకు రెండో బహుమతి. తీర్పు చెప్పేవాళ్లు మారేవారు గాని మాట మారేది కాదు. అంతా బాగుంది, చరణం ముగించి పల్లవికి వచ్చే చోట హార్మోనియం ఎగిరి దూకినట్టుంది అనేవారు. అరుణ ఇంటికొచ్చి ఆ ఒక్క చోటునే వందసార్లు వాయించేది. ఎంత వాయించినా ఆ దూకుడు పోయేది కాదు. సార్‌ను అడిగితే, "అవ్ బిడ్డ, చెయ్యి ఇంక తిరగాలె" అనేవాడు. కొందరి చేతులింతే కాబోలు అనుకునేది. కూర ఎడమచేత్తో కలుపుతూ కుడిచేతి వేళ్లు వంటగట్టు మీద ఆడించేది. తన చేతుల మీద తనకే చిన్నచూపు.

ఈసారి పోటీలో హార్మోనియం పెట్టె ముందు ఎవరు కూర్చోవాలన్నది సార్ ఇంకా చెప్పలేదు. సార్ వాళ్ల అన్న మనవడు వినీత్ కూడా రెండేళ్లుగా నేర్చుకుంటున్నాడు. ఆ చోటు పోతుందేమోనని అరుణకు లోలోపల గుబులుగానే ఉంది.

అలాంటి సమయంలోనే మండలికి ఒక ట్యాబ్ వచ్చింది. సార్ దగ్గర నలభై ఒక్క నోటుబుక్కులున్నాయి. కొన్నింటికి అట్టలు లేవు, కొన్నింటిని చెదలు తిన్నాయి. సాధనకు కూర్చుంటే సగం పొద్దు పాట వెతకడానికే సరిపోయేది. అన్నీ ఫొటోలు తీసి ట్యాబ్‌లో సర్ది పెడతానని అరుణే ముందుకొచ్చింది. సార్ మరుసటి రోజే పుస్తకాల ఇనుప పెట్టె మొత్తం ఆమె ఇంటికి పంపించాడు. ఫొటోలు తీయడమంటే జిరాక్సు షాపు పనే అని ఆయన నమ్మకం. జిరాక్సు తీసేవాడు కాగితం చదువుతాడా ఏమన్నా?

అరుణ ప్రతి పేజీ చదువుతూ పోయింది. చదవకుండా సర్దడం ఆమె వల్ల కాదు. ల్యాబ్‌లో సీసాలకు చీటీలు అంటించే చెయ్యి అది. రాగానికొక ఫోల్డరు పెట్టింది. పాట మొదటి మాట, పక్కన శ్రుతి, అదే ఫైలు పేరు. కష్టమైన చోట ఎర్ర గీత. మూడు ఆదివారాలు నడుము పడిపోయేలా కూర్చుంది. ఇకమీదట వేలు తాకిస్తే చాలు, కావలసిన పాట కళ్ల ముందుకు వస్తుందని మురిసిపోయింది.

నాలుగో ఆదివారం పొద్దున హిందోళం కీర్తన ఒకటి ఎక్కిస్తుంటే, ఈ పేరుతో ఫైలు ఇంతకు ముందే ఉందని ట్యాబ్ చెప్పింది. రెండుసార్లు తీశానేమో అనుకుని, రెండింటినీ పక్కపక్కన తెరిచింది. ఒకటి తాను నేర్చుకున్నదే, అక్షరం పొల్లుపోలేదు. రెండోదాంట్లో చరణం కింద నాలుగు వరుసల స్వరం ఎక్కువుంది. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట పెట్టె ఒక్కటే మోగి, చరణాన్ని మెల్లగా పల్లవి దగ్గరికి నడిపించుకొచ్చే నాలుగు వరుసలు.

చిత్తు ప్రతి అయ్యుంటుందిలే అని సార్ తరఫున తానే సర్దిచెప్పుకుంది. మిగిలిన పుస్తకాలూ ఎక్కిస్తూ మోహనలో వెతికితే అక్కడా అంతే. కల్యాణిలోనూ అంతే. పదకొండు కీర్తనలకు రెండేసి రూపాలు తేలాయి. అప్పుడు, పాటలు లేవని ఇన్నాళ్లూ వదిలేసిన పుస్తకాల మొదటి పేజీలు తిప్పి చూసింది. నిండుగా ఉన్నదాని మీద "ఇంటివాళ్లకు" అని ఉంది. కొరత ఉన్నదాని మీద "బయటివాళ్లకు" అని ఉంది. రెండూ సార్ ఎడమచేతి వంకర రాతలే. అంటే పక్షవాతం వచ్చాక, ఆమెలాంటివాళ్లకు నేర్పడానికే పనిగట్టుకుని కూర్చుని రాసినవి.

అరుణకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె బతుకు. ట్యాబ్ చంకన పెట్టుకుని సార్ ఇంటికి నడిచింది.

సార్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆమె ట్యాబ్‌లో రెండు పేజీలూ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన రెండింటినీ చూశాడు. తేలు కుట్టిన దొంగలా నంగినంగిగా ఉంటాడనుకుంది గాని, ఆయన ముఖంలో సిగ్గేమీ లేదు. తన తండ్రి కూడా ఇలాగే చేసేవాడట, తాత కూడా. వచ్చినవాళ్లందరికీ నేర్పాలి, కాదనకూడదు, కాని ఇంటిది ఇంట్లో ఉండాలి. లేకపోతే రేపు ఈ ఇంటిని ఎవరు అడుగుతారని ఆమెనే ఎదురు అడిగాడు.

"నీకేం తక్వ చేసిన బిడ్డ? ఊరంత నీ పెట్టె ఇన్నరు గద."

"పద్నాలుగేండ్లు నా చెయ్యే మంచిగ లేదనుకున్న సార్," అంది అరుణ. "అడిగినప్పుడల్ల చెయ్యి ఇంక తిరగాలె అన్నరు. తక్వ రాసిచ్చిన అని ఒక్క మాట చెప్తే, నా చేతుల్ని నేను తిట్టుకుందునా?"

ఆయన పని మాట ఎత్తాడు. ఈసారి పోటీలో వినీత్ కూర్చుంటాడు. నిండు పేజీలు వినీత్ సాధనకు ఉంచి, ఆమె దగ్గర మాత్రం పాతవే ఉంచుకుంటే మంచిదన్నాడు.

అరుణ ట్యాబ్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. సార్ ఇంటి హార్మోనియం ముందు కూర్చుని, హిందోళం నిండు పేజీ తెరిచి, తిత్తి వదులు చేసి, చరణం అందుకుంది. ఆ నాలుగు వరుసలు ఆమె వేళ్లు అంతకుముందు ఎన్నడూ తాకలేదు. ఒక్క చోటా తడబడలేదు. చరణం దిగి, పెట్టె ఒంటరిగా నడిచి, పల్లవి గడపలోకి వచ్చి నిలబడింది. వంటింట్లోంచి సార్ భార్య రేణుకమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

సార్ గోడ పట్టుకుని రేణుకమ్మ వెనకే వచ్చాడు. ఆయన కళ్లు తడిశాయి.

"మస్తు వాయించినవ్ బిడ్డ."

పద్నాలుగేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. దాని కోసం ఆమె పిల్లల జ్వరాలప్పుడు కూడా సాధన మానలేదు. ఇప్పుడది చెవిన పడితే అసహ్యమేసింది. తిత్తి మూసి, ట్యాబ్‌ను పెట్టె మీద పెట్టింది. పేజీలు అన్నీ అందులోనే ఉన్నాయని, వినీత్‌కు వెతుక్కునే పని ఉండదని చెప్పింది.

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరగకుండా అంది.

"పోతున్న సార్."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. రేణుకమ్మ గబగబా వరండాలోకి వచ్చింది.

"గట్లనకు బిడ్డ. పోయొస్త అనాలె."

అరుణ ఆ మాట విన్నది. గేటు తీసి, బయటికి వెళ్లి, మళ్లీ మూసింది.