పిట్టలు జారవిడిచిన చేపలు

నేను ఒక తెరచాప కర్రను. పుట్టింది సరుగుడు తోటలో, బతుకంతా సముద్రం మీద. కొర్లయ్య తండ్రి నన్ను నరికి, బెరడు గీకి, చేపనూనె పట్టించి తెప్పకు నిలబెట్టాడు. నిలబడతావా అని నన్నెవరూ అడగలేదు. తండ్రి పోయాక కొర్లయ్య చేతికి వచ్చాను. తెప్ప పోయాక ఫైబరు పడవకు మారాను. ఇంజను వచ్చాక తెరచాప తీసేశారు. నన్ను మాత్రం ఉంచారు, కొర్లయ్య పట్టుకుని నిలబడటానికి.

ఆయన పని పిట్టల్ని చూడటం. తెల్లపిట్టలు నీళ్లలోకి దూకేచోట చేపల గుంపు ఉంటుంది. ఆయన చెయ్యి ఎటు చూపితే అటు వల పడుతుంది.

అలిసిన పిట్టలు నా కొన మీద వాలేవి. వాటి ముక్కుల్లోంచి జారినవి నా మొదట్లో పడేవి. తొలిరోజుల్లో అన్నీ కవళ్లే, మీది నీళ్లలో తిరిగే చిన్న చేపలు. పెద్ద మరబోట్లు వలలతో సముద్రం అడుగు గోకడం మొదలుపెట్టాక, బురదలో ఒదిగి బతికే బల్లపరుపు చేపలు పడసాగాయి. ఆ పిట్టలు బారెడు లోతు కూడా మునగవు. కొర్లయ్య పదేళ్లపాటు వాటిని నీళ్లు కొట్టి కడిగాడే గాని వంగి చూడలేదు. ఆయన చూపెప్పుడూ ఆకాశం మీదే.

ఒకసారి వరసగా నాలుగు రోజులు వల ఖాళీగా లేచింది. అయిదో రోజు, ఇంజను దగ్గర కూర్చునే మేనల్లుడు పెంటయ్య అన్నాడు:

"మావా, ఇయ్యాల కూడా ఇంతే అయితే రేపు నువ్వు గట్టునే ఉండిపో. నీ సోటున ఐసు పెట్టె ఎట్టుకుంటాం."

"ఎట్టుకోరా. అది నీకంటే తక్కువ మాటాడతాది."

అంతలో ఎదురుగా మబ్బులా పిట్టలు. కొర్లయ్య చెయ్యి చూపాడు. వల పడింది. లేచింది మాత్రం నలిగిన పీతలు, చచ్చిన బుల్లి చేపలు, బురద. ముందు పోతున్న మరబోటు తనకు అక్కర్లేనివి పారబోస్తోంది.

"పిట్టలు బోజనాల బంతిలో కూకున్నాయి మావా," అన్నాడు పెంటయ్య. "మనం ఇస్తరాకులకి వలేసినాం."

పడవంతా నవ్వింది. అప్పుడే నా మొదట్లో ఒక చేప పడింది. కొర్లయ్య మొదటిసారి వంగి దాన్ని తీసుకున్నాడు.

"ఇది బురదలోది. పిట్టకెలా దొరికినాదిరా?"

"ఒడ్డించినోడుంటే ఏదైనా దొరుకుతాది."

కొర్లయ్య ఆ చేపను నీళ్లలోకి విసిరాడు. తర్వాత దక్షిణంగా చెయ్యి చూపాడు. అక్కడ రెండే రెండు పిట్టలు నీళ్లలోకి దూకుతున్నాయి.

"ఇంత గుంపుని ఒగ్గీసి రెండు పిట్టల కాడికా?"

"ఆటికి ఒడ్డించినోడు లేడు. పడవని అటు పోనీ."

వల నిండలేదు. కాని లేచినవన్నీ కవళ్లు, ఎగిరిపడుతున్నవి.

మర్నాడు సముద్రంలోకి వెళ్లాక పెంటయ్య ఇంజను ఆపి, "ఎటు మావా?" అన్నాడు. ఎదురుగా వెయ్యి పిట్టలు అరుస్తున్నాయి. కొర్లయ్య నా మీద చెయ్యి వేసి, అవి లేని దిక్కులన్నీ వెతకసాగాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.