నాలుక కింద గోలి

దవాఖానల ముగ్గురూ ఒక్కటైండ్రని నాకు ఎరుకే. నన్ను చూడంగనే డాక్టరమ్మ నర్సు నళిని చెవుల ఏందో చెప్తది. నళిని కంపౌండర్ ఆగయ్య దిక్కు చూస్తది. ఏంది ఈ గుసగుస? నా టీబీ ముదిరిందా?

“సక్కుబాయీ, ఇయ్యాల గోలి మా ముంగట్నే మింగు,” అన్నది నళిని.

“నేనేమన్న దొంగనా?” అని లొల్లి పెట్టిన. ఆగయ్య గిలాసల నీళ్లిచ్చిండు. నీళ్లు తాగి, గోలిని నాలుక కింద దాచిన.

గేటుకాడ రిక్షాల మా ఆయన దగ్గుకుంట కూసున్నడు. గోలి తీసి ఆయన చేతుల పెడుతుంటే, ఎన్కకెల్లి డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నది. పక్కన నళిని, గిలాసతోటి ఆగయ్య.

తిడ్తరనుకున్న.

“ఆయన్ని లోపటికి తోల్కరా, ఆయన్ని గూడ చూస్తం,” అన్నది డాక్టరమ్మ. “నీ గోలి నువ్వే మింగు.”