నిప్పుకి మేపిన ఊసరవెల్లి

రొట్టెల పిండి పిసుకుతూ వంగి ఉన్న తూదా వీపు మీద అత్తగారు చెయ్యేసింది. ప్రేమతో అనుకునేరు. సంతలో కోడిని కొనేవాళ్ళు రొమ్మెముక తడిమి చూస్తారు చూడండి, అదీ సంగతి. అటు తడిమి ఇటు తడిమి, "అన్నీ ఎముకలే. నా కొడుకు ఇంటికి ఎందుకొస్తాడే, చీపురు పక్కన పడుకోడానికా?" అంది లల్లా ఇజ్జా. పేటలో అందరికీ ఆవిడ లల్లానే, అంటే అమ్మగారే, కోడలికి కూడా.

 తూదాకి బదులిచ్చే తీరికేదీ? పిండి పిసికి, రొట్టెలు చేసి, చెక్క పలక మీద పేర్చి, గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని కోటగోడ పక్కనున్న బట్టీకి తీసుకెళ్ళి కాల్పించుకు రావాలి. వచ్చాక మేకకి గడ్డి. ఆ తర్వాత నూనె తీసే ఆర్గాన్ గింజల్ని రాతి మీద పెట్టి రాతితో కొడుతూ కూర్చోవాలి, వేళ్ళు చితికేదాకా. నూనె అత్తగారి సీసాల్లోకి పోతుంది, పెంకులు కుంపట్లోకి పోతాయి, తూదాకి మిగిలేది టకటక చప్పుడు. మధ్యాహ్నం అత్తగారు, ఆడబిడ్డ, ఆవిడ పిల్లలు అందరూ ఒకే పళ్ళెం చుట్టూ చేరతారు. మాంసం మధ్యలో ఉంటుంది, పెద్దావిడ పంచితేగానీ ఎవరూ ముట్టకూడదు. సరిగ్గా పంచే వేళకే తూదాకి ఏదో పని తగులుతుంది. నీళ్ళు తే, ఉప్పు తే, తలుపు ఎవరో కొడుతున్నారు చూడు. తిరిగొచ్చేసరికి తన వైపు ఒక మెడ ముక్క, దాని మీద ఇంటిల్లిపాది కళ్ళు. "తిను, తిను, నేను తిండి పెట్టట్లేదని ఊరు అనుకోవాలా?" అంటుంది లల్లా. అన్ని కళ్ళ మధ్య ముద్ద గొంతు దిగుతుందా?

కాపురానికి వచ్చిన కొత్తలో ఇంకో వైభోగం. పెళ్ళికూతురికి ఒళ్ళుండాలని లల్లా మెంతిపిండి, నూనె, ఖర్జూరం కలిపి ఉండలు చేసి, పొద్దున్నే దవడలు పట్టుకుని నోట్లో కుక్కేది. తూదా చెమట కూడా మెంతికంపు కొట్టేది. మొగుడు ఇద్దర్ అటు తిరిగి పడుకుని, "మెంతుల బస్తా పక్కన పడుకున్నట్టుంది" అని నవ్వేవాడు. తూదా కూడా నవ్వేది. ఆడది నవ్వితే అది సరదా, నవ్వకపోతే గొడవ. అలా నవ్వి నవ్వి నిలబెట్టుకొచ్చిన ఇల్లది. ఇప్పుడు ఇద్దర్ అగాదీర్ పట్నం రోడ్డు మీద టాక్సీ తోలుతున్నాడు. మొదట్లో వారానికోసారి వచ్చేవాడు, తర్వాత పండక్కి వచ్చేవాడు, ఈసారి పండక్కీ రాలేదు. అగాదీర్‌లో ఎవరో ఉందట. ఆ మాట తూదాకి చెప్పింది బట్టీ దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు. ఎవరి రొట్టెలు ముందు కాలాలన్న గొడవ మధ్యలో, అదేదో తూదాకి తెలిసిన విషయమే అన్నట్టు చెప్పేశారు.

ఆ గురువారం లల్లా ఇజ్జా మూలికల కొట్టుకి వెళ్ళి ఊసరవెల్లిని కొనుక్కొచ్చింది. ఆ ఊళ్ళో దాన్ని తాతా అంటారు. నడక చూస్తే మన తాతలు కూడా కాదనరు. మొగుడు దారి తప్పిన ఇల్లాలు బతికున్న ఊసరవెల్లిని కుంపట్లో పడేసి ఆ పొగ దాటితే, వాడి మీద ఏ ఆడది పెట్టిన మాయైనా విరిగిపోతుందట. నిప్పుల్లో టప్పున పేలితే ఇక తిరుగులేదట. చూశారా న్యాయం? రంగులు మార్చేవాడు టాక్సీలో తిరుగుతున్నాడు, మంటలో పడాల్సింది మాత్రం ఇది.

"సందెవేళ మేడ మీద కుంపటి రాజెయ్యి. నీ చేత్తో నువ్వే వెయ్యాలి. పక్కన పిట్ట కూడా ఉండకూడదు" అని బుట్ట చేతికిచ్చింది.

తూదా మూత తీసింది. లోపల మడత పెట్టి మర్చిపోయిన తోలు సంచిలా ఉంది. పక్కటెముకలు బయటికి పొడుచుకొచ్చాయి. తోక మొదట్లో చర్మం వదులై వేలాడుతోంది. కళ్ళు గుంటల్లోకి పోయాయి. ఒక కన్ను తూదా వైపు తిరిగింది, రెండోది తెరిచే ఓపిక లేక మూసుకునే ఉంది. చెయ్యి పెడితే, ఆ పట్టకారు లాంటి చేతితో తూదా వేలు పట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె చెయ్యి ఎవరైనా ఊరికే పట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఎప్పుడు ఎవరు పట్టుకున్నా ఆ చేత్తో ఏదో పని చేయించుకోడానికే.

"ఇంత బక్కదైతే పొగేం వస్తుంది లల్లా? పేలడానికి కడుపులో ఏముందని?" అంది. ఎలా వచ్చిందో ఆ మాట, ఆమెకే తెలీదు.

 లల్లా కొట్టువాడి అమ్మనీ అబ్బనీ తలుచుకుంది. "అయితే మేపు. ఒళ్ళొచ్చాకే వేద్దాం. నీకెలాగూ ఒళ్ళు రాలేదు, దీనికైనా తెప్పించు" అంది.

కాపాడాననుకుని మేడ మెట్లెక్కిన తూదాకి పైకెళ్ళాక గానీ తట్టలేదు, తను చేసిన ఘనకార్యం ఏమిటో. తింటే మంట, తినకపోతే మట్టి. దానికి ఈ రెండే మిగిల్చింది తను.

అయినా కళ్ళ ముందు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. గుడ్డు సొన కలిపింది, పాలలో రొట్టె నానేసింది, పుల్లతో దాని దవడ తెరిచి లోపల పెట్టబోయింది. ఊసరవెల్లి మసిలా నల్లబడిపోయింది. బుస కొట్టబోయి ఊపిరి చాలక ఊరుకుంది. సొనంతా గొంతు మీద కారింది. ఆ పుల్ల పట్టుకున్న తన చేతిని చూసుకుంటే తూదాకి దవడలు నొప్పెట్టాయి. ముక్కులోకి మెంతి వాసన కొట్టింది. పుల్ల విరిచి పారేసింది.

చిన్నప్పుడు కొండ మీది ఊళ్ళో మేకలు కాసేటప్పుడు చూసింది, బ్రహ్మజెముడు కంచె మీద ఊసరవెల్లి ముళ్ళకంటిన మంచు చుక్కలు నాకుతుండేది. ముందు దాహం, తర్వాతే ఆకలి. నూనె డబ్బాలో మట్టి పోసి దానిమ్మ కొమ్మ గుచ్చింది, సగం ఎండలో, సగం నీడలో. పైన తీగకి ప్లాస్టిక్ సీసా కట్టి అడుగున సూదితో పొడిచింది. చుక్క చుక్కగా ఆకుల మీద పడుతోంది. చాలాసేపు ఏమీ లేదు. ఒక చుక్క మూతి మీద పడింది. గడ్డం పైకెత్తింది. గొంతు కదిలింది. ఇంకో చుక్క, ఇంకో చుక్క. ఆ వేళా, మర్నాడూ నీళ్ళే తాగింది. గుంటల్లోని కళ్ళు మెల్లిగా పైకొచ్చాయి.

మేక గడ్డి మోపులో చిన్న చిన్న మిడతలుంటాయి. ఒకదాన్ని పట్టుకొచ్చి కొమ్మ మీద వదిలింది. ఊసరవెల్లి ఒక కంటితో మిడతని చూసింది, ఒక కంటితో తూదాని చూసింది, మొహం తిప్పేసుకుంది. "తిను, తిను తల్లీ" అని బతిమాలింది. మిడతని ఇంకా దగ్గరికి జరిపింది. "తిను, తినవేం, నేనేదో మాడ్చి చంపుతున్నట్టు" అంది, చిరాగ్గా. అని, గతుక్కుమంది. ఆ గొంతు తనది కాదు. అచ్చం లల్లాది. మాటలవే, విరుపదే. ఈ ఇంట్లో ఇన్నేళ్ళు తిన్న తిట్లు ఎక్కడికీ పోలేదు, లోపలే ఊరుతున్నాయి. రేపు తనకో కోడలొస్తే దాని వీపు మీద కూడా ఇలాగే చెయ్యేస్తుంది కాబోలు. ఆ ఆలోచనతో తూదాకి ఏడుపు కూడా రాలేదు.

ఉతికి ఆరేసిన బట్టల్లో ఇద్దర్ వదిలేసి వెళ్ళిన జెల్లాబా ఉంది, మెడ నుంచి మడమల దాకా పొడుగు చొక్కా. దాన్ని తీగ మీద జరిపి కొమ్మకీ తనకీ మధ్య తెరలా వేలాడదీసింది. ఆ మొగుడి వల్ల ఆ ఇంట్లో జరిగిన ఉపకారం అదొక్కటే. అటు వీపు పెట్టి కూర్చుని గింజలు కొట్టుకుంటోంది. కాసేపటికి వెనక టప్ అని చిన్న చప్పుడు, తడి నాలుక ఆకుకి తగిలినట్టు. తెర పక్కనుంచి చూస్తే మిడత లేదు. ఇంకోటి వదిలి మళ్ళీ వీపు తిప్పింది. అదీ లేదు. అది తినడం తూదా ఎప్పుడూ చూడలేదు, చూడకపోవడమే తను పెట్టిన తిండి. ఆ రోజు ఆమె నోరారా నవ్వింది.

నవ్వు కిందికి వినపడింది. లల్లా మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కింది. దాని పొట్ట వేలితో నొక్కింది, తోక మొదలు నొక్కింది, తల ఊపింది. "ఇంతకన్నా ఒళ్ళేం కావాలి? గురువారం కానిచ్చెయ్" అంది.

గురువారం పొద్దున రొట్టెల పలక మీద, గుడ్డ కింద, రొట్టెలతో పాటు ఊసరవెల్లి కూడా బయల్దేరింది. కోటగోడ బయట బ్రహ్మజెముడు కంచె దగ్గర తూదా దాన్ని వదిలింది. అది వేలు వదలడానికే చాలాసేపు పట్టింది. తర్వాత ఊగుతూ ఊగుతూ ఆకు మీదికెక్కి, ఆకు రంగులో కలిసిపోయింది. వెనక్కి చూసిందో లేదో. దాని కళ్ళని నమ్మలేం కదా.

సందెవేళ కుంపటి రాజేసి, ఇద్దర్ పాత తోలుచెప్పు ఒకటి తెచ్చి, దాని ముందు భాగంలో పచ్చి కోడిగుడ్డు దోపి, నిప్పుల్లో పెట్టింది. కంపు వీధి దాకా పోయింది. గుడ్డు టప్పున పేలింది. "పేలింది, పేలింది, మాయ విరిగింది" అని కింద నుంచి లల్లా దేవుడికి దణ్ణాలు పెట్టుకుంది. ఇక పొగ దాటాలి. చూసేవాళ్ళెవరూ లేరు, దాటకపోయినా అడిగేవాళ్ళు లేరు. తూదా గౌను ఎత్తి పట్టుకుని దాటింది. పాత చెప్పు పొగ అని తెలిసి తెలిసీ, దాటుతున్న ఆ ఒక్క క్షణం, వస్తే బాగుండునని అనుకుంది. ఇన్నేళ్ళలో ఎవరు చేసిన అవమానమూ ఆమెని అంత కిందికి తొయ్యలేదు. ఇది తను చేసుకున్నది.

చల్లారిన బూడిదని లల్లా భక్తిగా ఎత్తి గడప కింద పూడ్చింది. మర్నాడు శుక్రవారం, గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళెం చుట్టూ అందరూ కూర్చుంటుండగా, ఇద్దర్ తన చెప్పు బూడిద మీదుగా గడప దాటి లోపలికొచ్చాడు.

మురికి బట్టల మూట తెచ్చాడు. మాంసం పెద్ద ముక్క అతనికే పడింది. తూదా వైపు చూసి, "ఏంటిలా అయిపోయావ్, చూసినవాళ్ళు నన్నంటారు" అన్నాడు. ఆ రాత్రి పక్క మీద ఆ చివర తను, ఈ చివర అతను. అతని మెడ దగ్గర వేరే ఇంటి సబ్బు వాసన. వస్తే బాగుండునని అనుకున్నది ఇతని కోసమా? ఆదివారం బట్టలు ఉతికించుకుని, ఆరని జెల్లాబా వదిలేసి వెళ్ళిపోయాడు. వెళ్తూ తూదాతో అన్న మాట ఒక్కటే: "నా పాత చెప్పుల్లో ఒకటుంది, రెండోది ఏది?"

తూదా మేడెక్కి జెల్లాబాని తీగ మీద తెరలా జరిపి, దాని వెనక, కొమ్మ దగ్గర కూర్చుంది. బట్టీ నుంచి తెచ్చిన వేడి రొట్టెలో ఒక ముక్క తుంచుకుంది, ఇంట్లో ఎవరూ తినకముందే. నోటి దాకా తెచ్చింది. ఎవరూ చూడట్లేదు. అయినా ముక్క నోట్లోకి వెళ్ళలేదు. సీసాలోంచి చుక్క పడుతోంది, తాగేది లేదు.

లల్లా మెట్లెక్కుతూనే మొదలెట్టింది. "మూడు రోజులకే విరిగిపోయింది మన మంత్రం. సరిగ్గా మేపలేదు నువ్వు. కొట్లో పంజరం నిండా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి. గురువారం ఇంకోటి తెస్తాను."

పంజరం నిండా. తూదా కళ్ళ ముందు ఆ గుంటల కళ్ళన్నీ కదిలాయి. కంచె మీద చోటుంది వాటన్నిటికీ. తనకి లేదు.

"అన్నిట్లోకీ బక్కదాన్ని ఏరి తీసుకురండి లల్లా. ఎన్ని తెచ్చినా నేను మేపుతాను" అంది.

రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది. అత్తగారు మెట్లు దిగేదాకా ఆగి, అప్పుడు నమిలింది.